గుర్రపు పిల్ల ఎత్తు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇందాక పంచాంగ శ్రవణము జరిగినది. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది అందరమూ శ్రద్ధగా విన్నాము. మా నలుగురు వాటాదారులలో ముగ్గురిది ఒకే రాశి గనుక, అవమానము అంకె చదివేసరికి ఒకరి ముఖము ఒకరు చూచుకున్నాము. ఆ అంకె మాకు నాలుగేండ్ల క్రిందటనే అనుభవములోకి వచ్చినది. ఈ పూట మేము చెప్పదలచినది ఆ కథ. దానితోపాటు ఒక జోస్యము చెప్పే విధానము కూడా. మనుష్యుల జోస్యము కాదు. ఈనాడు మన నడుము దాటి నిలబడిన గుర్రపు పిల్ల, పెరిగి పెద్దదైన తరువాత ఎంత ఎత్తు ఉంటుందని చెప్పే జోస్యము.

కార్యదర్శిగారు మమ్ములను కాలువ చివరి భూములకు నీరందకపోవడము గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి ఏటేటా మాట్లాడుతూనే ఉన్నాము, ఈ సంచికలోనే రెండు వ్యాసాలు దానిమీద ఉన్నవి. గుర్రము సంగతి మాత్రము మన క్యాంపులో అందరికీ తెలుసు గాని, సరిగా ఎవరికీ తెలియదు. మా వెనుక నవ్వుకునేవారు ఇకమీదట వివరాలు తెలిసి నవ్వుకుంటారని ఈ విషయము ఎన్నుకున్నాము.

రాయచూరు జిల్లాలో గుర్రము మాట ఎందుకని మీరనుకోవచ్చు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియై ఎడమ కాలువకు నీరు వదలిన తరువాత, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి మన పెద్దలు ఇక్కడికి వచ్చి నల్లరేగడి చదును చేసి వరి వేసినారు. వచ్చినవారు ఒంగోలు ఎడ్లను తెచ్చుకున్నారు గాని గుర్రాలను తేలేదు. కాని మనము రాకముందు నాలుగైదు వందల ఏండ్లపాటు ఈ అంతర్వేదిలో, అనగా కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఈ నేలలో, గుర్రము లేని చరిత్ర లేదు. 1520లో రాయచూరు కోట దగ్గర కృష్ణదేవరాయలకు, బిజాపూరు ఇస్మాయిల్ ఆదిల్‌షాకు జరిగిన యుద్ధము మీరు పాఠాలలో చదివే ఉంటారు. ఆ యుద్ధానికి నాంది గుర్రాల బేరము. పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసిన దాని ప్రకారము, రాయలు ఒక ముసల్మాను వర్తకునికి 40,000 పర్దావులు అనే బంగారు నాణెములిచ్చి గోవాలో గుర్రాలు కొనుక్కు రమ్మని పంపినాడు. ఆ పెద్దమనిషి సొమ్ముతో సహా ఆదిల్‌షా దగ్గరకు చేరుకున్నాడు. మనిషిని అప్పగించమంటే అప్పగించలేదు. దండు కదిలినది. గుర్రము కొనబోయి మోసపోయినవారిలో మేమే మొదటివారము కాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తుకున్నాము.

ఆ నూనిజే మరొక మాట వ్రాసినాడు. రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడట; కొన్ని హోర్ముజు నుండి ఓడలమీద వచ్చినవి, కొన్ని దేశవాళీవి. వాటిలో మేలైనవి తన సాలకు ఉంచుకొని తక్కినవి నాయకులకిచ్చేవాడట. అంతకు ముందు సాళువ నరసింహరాయలైతే వేయి పర్దావులకు మూడు చొప్పున, బ్రతికినా చచ్చినా తీసుకునేవాడట. సముద్రములో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపితే చాలు, సొమ్ము చెల్లించేవాడట! అంత ఖర్చు ఏటేటా ఎందుకు పెట్టవలసి వచ్చినది? ఇక్కడే పిల్లలు పుట్టించుకోవచ్చు కదా? దీనికి ఒక జవాబు మార్కోపోలో దగ్గర దొరుకుతుంది. రాయచూరు కోట రాతిగోడ కట్టించిన కాకతీయుల సేనాని శాసనము 1294 నాటిది. ఇంచుమించు ఆ దినాలలోనే మన దక్షిణ సముద్రతీరము చూచిపోయినవాడు మార్కోపోలో. మేలిజాతి మగ గుర్రాన్ని మేలిజాతి ఆడ గుర్రానికి కట్టినా తమిళ తీరములో పొట్టి పిల్ల, వంకర కాళ్లది పుడుతున్నదని, స్వారీకి పనికి రావడము లేదని ఆయన వ్రాసినాడు. అక్కడివారు గుర్రాలకు అన్నము ఉడికించి పెడతారని కూడా వ్రాసినాడు. ఈ రెండు మాటలూ మీరు కొంచెము జ్ఞాపకము ఉంచుకోండి. మా కథ చివర మళ్లీ అవసరము పడతవి.

ఇక మా సంగతి. నాలుగేండ్ల క్రిందట మార్గశిరములో మేము నలుగురము వాటాలు వేసుకొని గుర్రపు పిల్లను కొనాలని బయలుదేరినాము. శ్రీరామనవమి ఊరేగింపుకు, పిల్లల పెళ్లిళ్లకు అద్దె గుర్రాలు తెచ్చి తెచ్చి విసుగెత్తినది. పెద్ద గుర్రము ఖరీదు మాకు అందదు. పిల్లను కొంటే పెరుగుతుంది గదా అన్నది లెక్క. దక్కనులో గుర్రాల సంతలకు కొదవ లేదు. నాందేడు జిల్లా మాళెగావ్ ఖండోబా జాతర వాటిలో పేరున్నది. మేము కొన్నది అక్కడ కాదు, ఏ ఊళ్లోనో చెప్పదలచుకోలేదు. పిల్ల గోధుమ వన్నెది, నుదుట చుక్క. వయసు ఆరు నెలలన్నాడు అమ్మేవాడు. మూపు దగ్గర కొలిచి చూపినాడు: నలభై ఎనిమిదిన్నర అంగుళాలు. ఆ కొలత నిజమే, ఇంటికి వచ్చి కొలిచినా అంతే వచ్చినది. తరువాత జేబులోనుండి ఒక నూలు దారము తీసి దాని ముందుకాలికి పట్టి, "పదిహేను అంగుళాలు! పెరిగితే పదిహేను హ్యాండ్లు, రాసుకోండి" అన్నాడు.

హ్యాండు అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలి. గుర్రము ఎత్తును తలదాకా కొలవరు. తల ఎత్తుతుంది, దించుతుంది. మెడ దిగి వీపు మొదలయ్యే చోట ఎముక ఉబ్బి ఉంటుంది, అక్కడికి కొలుస్తారు. దాన్నే మేము మూపు అంటున్నాము. ఆ ఎత్తును నాలుగేసి అంగుళాల లెక్కన చెబితే అది హ్యాండు. మన బెత్తెడు కన్న రమారమి ఒక అంగుళము ఎక్కువ. పదునాలుగు చుక్క రెండు అని వ్రాస్తే పదునాలుగు హ్యాండ్ల మీద రెండు అంగుళాలని అర్థము గాని, పదింట రెండు వంతులు కాదు. పదునాలుగు చుక్క మూడు తరువాత వచ్చేది పదిహేనే. మాలో లెక్కల మాష్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారొకరు ఉన్నారు. ఆయనే ఇందులో తప్పినారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పము.

దారము శాస్త్రము ఏమిటంటే, పిల్ల ముందుకాలి మోకాలి నడిమినుండి గిట్ట మొదట వెంట్రుకలు ఆగిపోయే గీత దాకా ఎన్ని అంగుళాలు ఉంటే, పెరిగిన తరువాత గుర్రము అన్ని హ్యాండ్లు ఉంటుందని. రెండవ విధము కూడా ఉన్నది: ముందుకాలి మోచేతి కొసనుండి గిట్టపై కీలు దాకా దారము పట్టి, ఆ దారాన్నే మోచేతినుండి పైకి తిప్పి నిలబెడితే, దాని కొస ఎక్కడికి చేరుతుందో పెద్దయిన తరువాత మూపు అక్కడికి వస్తుందంటారు. ఇవి ఒక దేశానివి కావు, గుర్రాలు పెంచేవారు చాలాచోట్ల చెప్పేవే. వీటికి ఆధారము లేకపోలేదు. గుర్రపు పిల్ల పుట్టిన గంట రెండు గంటలలో లేచి నిలబడాలి, కాసేపటికి తల్లి వెంట పరుగెత్తాలి. అందుచేత దాని కాళ్లు, ముఖ్యముగా మోకాలికి దిగువ భాగము, కడుపులోనే చాలావరకు పెరిగి వస్తవి. ఎముక కొసన మెత్తని మృదులాస్థి పలక ఉంటుంది, ఎముక నిడుపు సాగేది అక్కడనే. మోకాలి క్రింది నలక ఎముక దిగువ కొసన ఉన్న పలక ఆరునుండి తొమ్మిది నెలల లోపల గట్టిపడి మూసుకుంటుంది. ఆ తరువాత ఆ ఎముక పెరగదు. మోకాలి పైన ఉన్న పలక రెండు రెండున్నర ఏండ్లకు గాని మూసుకోదు. వెన్నుపూసలవి అయిదేండ్లు దాటినా పూర్తిగా మూసుకోవు. అనగా, గుర్రము క్రిందినుండి పైకి పూర్తవుతూ వస్తుంది. క్రింద పూర్తయిన దాన్ని చూచి పైన ఎంత వస్తుందో ఊహించడమే ఈ దారము పని.

ఇక్కడనే మన ఒంగోలు దూడల అనుభవము మమ్మల్ని దెబ్బ తీసినది. మా తాతలు కోడెదూడను చూచి, కాళ్లు బారుగా ఉన్నవి, గంగడోలు వదులుగా ఉన్నది, ఇది సాగే దూడ అని చెప్పేవారు. చాలామట్టుకు అట్లే జరిగేది. ఆ కండ్లతోనే గుర్రపు పిల్లను చూచినాము. ఇంత పొడుగు కాళ్లున్నవి గదా, ఇంకెంత సాగుతుందోనని మురిసినాము. గుర్రపు పిల్లలన్నిటికీ కాళ్లు పొడుగే, పొట్టి గుర్రమయ్యే పిల్లకు కూడా.

ఇంటికి తెచ్చిన మరునాడు రాయచూరులో పూర్వము జట్కా తోలిన ముసలి సాయిబుగారిని పిలిపించినాము. ఎనభై దాటిన మనిషి. చిన్నప్పటినుండి గుర్రాలతోనే బ్రతికినాడు. దారము చూపి గర్వముగా సంగతి చెప్పినాము. ఆయన దారము ముట్టుకోలేదు. "ముందు నోరు చూడనియ్యి బాబూ, కాలు ఎక్కడికి పోతుంది" అన్నాడు. పిల్ల పెదవి ఎత్తి చూచి నవ్వినాడు. "ఎంత వయసన్నాడు వాడు?"

"ఆరు నెలలన్నాడు తాతా."

"ఏడాది."

పశువులకు పళ్లు చూచి వయసు కట్టడము మనకు తెలిసినదే. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని సంతలో అరుస్తూనే ఉంటాము. పశువుకు పైదవడ ముందు పళ్లు లేవు, గుర్రానికి ఉన్నవి. క్రమము కూడా వేరు. నడిమి పాలపళ్ల జత పుట్టిన వారము రోజుల అటూ ఇటూగా వస్తుంది. వాటి పక్క జత నెల రెండు నెలలలో వస్తుంది. మూలపళ్లు మాత్రము ఆరునుండి తొమ్మిది నెలల నడుమ గాని రావు. మా పిల్లకు మూలపళ్లు పైనా క్రిందా పూర్తిగా వచ్చి ఉన్నవి, ఇంకా అరగలేదు. ఆరు నెలల పిల్లకు ఆ నోరు ఉండదు. రెండున్నరేండ్లకు నడిమి పాలపళ్లు రాలి గట్టిపళ్లు వస్తవి, మూడున్నరకు పక్కవి, నాలుగున్నరకు మూలవి. అయిదేండ్లకు నోరు నిండుతుంది.

ఈ ఆరు నెలల తేడాలో ఏమున్నదని మా మాష్టారు అడిగినారు. ఉన్నదంతా అందులోనే ఉన్నది. జాతి గుర్రాల సాలలలో పిల్లలను నెల నెలా కొలిచి కట్టిన లెక్కలున్నవి. పుట్టిననాడు గుర్రపు పిల్ల, తాను కాబోయే ఎత్తులో నూటికి అరవైకి పైగా ఉంటుంది. ఆరు నెలలకు 84 ప్రాంతము. ఏడాదికి 90. ఏడాదిన్నరకు 95. రెండేండ్లకు 97 లేక 98. పొట్టి జాతులు ఇంకా కొంచెము ముందే పూర్తవుతవి. బరువు సంగతి వేరు: పుట్టిననాడు నూటికి పది, ఏడాదికి 65 ప్రాంతము. చూచేవారికి పిల్ల బక్కగా, ఇంకా చాలా పెరిగేదానివలె కనిపించేది ఇందుకే. పెరగవలసినది ఉన్నది, కాని అది అడ్డమే గాని నిలువు కాదు.

ఇప్పుడు లెక్క కట్టండి. మా పిల్ల ఎత్తు నలభై ఎనిమిదిన్నర. నిజముగా ఆరు నెలలదే అయితే, 84కు అంత గనుక నూటికి దాదాపు యాభై ఏడు ముప్పావు అంగుళాలు. అనగా పదునాలుగు హ్యాండ్ల మీద ఇంచుమించు రెండు అంగుళాలు. పదునాలుగున్నర హ్యాండ్లు, అనగా 58 అంగుళాలు దాటినదాన్ని గుర్రమని, దానికి లోపు పోనీ అని పాశ్చాత్యులు గీత గీసినారు. ఆ గీత దగ్గరకు వచ్చేది. ఏడాది పిల్ల అయితే 90కి అంత, నూటికి దాదాపు యాభై నాలుగు. పదమూడున్నర హ్యాండ్లు. వయసులో ఆరు నెలలు అబద్ధమాడితే గుర్రము మీద సుమారు నాలుగు అంగుళాలు పెరిగినవి, మేత లేకుండా!

అయితే ఆ దారము పదిహేను ఎట్లా చెప్పినది? సాయిబుగారు మళ్లీ కొలిచి చూపినారు. అమ్మేవాడు మోకాలి నడిమినుండి కాక మోకాలి పై అంచునుండి పట్టినాడు. క్రింద వెంట్రుకల గీత దగ్గర ఆగక, బొటనవేలితో గిట్టమీదికి జార్చినాడు. పైన ముప్పావు అంగుళము, క్రింద ముప్పావు అంగుళము. సరిగా పడితే పదమూడున్నర వచ్చినది. దారము మీద అంగుళము జరిగితే గుర్రము మీద నాలుగు అంగుళాలు జరుగుతుంది. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకొని వెళ్లినా చాలు. పిల్ల ఏటవాలు నేలమీద నిలబడినా, కాలు వంచినా, గిట్ట కత్తిరించక పెరిగి ఉన్నా కొలత చెడుతుంది. కన్నడములో దీన్ని కుదురె అంటారు గాని, కొలవబోయేసరికి ఒక్క క్షణము కుదురుగా నిలవదు. మూడుసార్లు కొలిచి నడిమి అంకె తీసుకోవాలి. మరొక చిక్కు ఉన్నది. పిల్ల ఒకప్పుడు వెనుక తట్టు పెరుగుతుంది, ఒకప్పుడు ముందు తట్టు. వెనుక ఎత్తయిన నెలలో మూపు కొలిస్తే తక్కువ చెబుతుంది.

దంతాలు, దారము గాక మూడవ సాక్ష్యము తల్లిదండ్రులు. మేము తండ్రిని గురించి అడిగినాము. అమ్మేవాడు సెల్‌ఫోనులో ఒక బ్రహ్మాండమైన మార్వారి గుర్రము బొమ్మ చూపినాడు. తల్లిని గురించి అడగాలని నలుగురిలో ఒక్కరికి తోచలేదు! ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని పొద్దున లేస్తే అనేవాళ్లము. 1938లో కేంబ్రిడ్జిలో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము ప్రకటించినారు. షైర్ అనేది ఏనుగువంటి బరువు గుర్రము, షెట్లాండు అనేది మన గేదెదూడ అంత పోనీ. ఒక జతలో తల్లి షైర్, తండ్రి షెట్లాండు. మరొక జతలో తల్లి షెట్లాండు, తండ్రి షైర్. రెండు జతల పిల్లలలోనూ రక్తము సగము సగమే. కాని పెద్ద తల్లి కడుపున పుట్టిన పిల్ల, చిన్న తల్లి కడుపున పుట్టిన దానికన్న మూడు రెట్లు బరువున్నది. పెరిగి పెద్దవైన తరువాత కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. విత్తనము ఒకటే అయినా చేను వేరయితే పంట వేరవుతుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గుర్రము దగ్గర మరిచిపోయినాము. 2012లో మరొక పరిశోధనలో వేర్వేరు జాతుల గుర్రాలను పోల్చి చూచి, పెద్దా చిన్నా తేడాలో నూటికి 83 వంతులు నాలుగు జన్యుస్థానాలతోనే తెలిసిపోతున్నదని తేల్చినారు. అది జాతికీ జాతికీ నడుమ మాట. ఒకే జాతిలో రెండు పిల్లలలో ఏది రెండంగుళాలు ఎక్కువ పెరుగుతుందో చెప్పాలంటే, ఇప్పటికీ తల్లిని చూడడము, నోరు తెరవడము, నేల చదునుగా ఉన్నచోట కర్ర పెట్టి కొలవడము తప్పదు.

ఇంతవరకు మోసపోయిన కథ. దీనికి మీరు నవ్వవచ్చు, మేమూ నవ్వుతాము. ఇకమీద చెప్పేది మేము చేసిన తప్పు.

పదమూడున్నర అని సాయిబుగారు చెప్పినా మాకు మనసు ఒప్పలేదు. పదిహేనుకు ఇచ్చిన సొమ్ము కండ్లముందు మెదిలినది. మేపితే పెరగదా అనుకున్నాము. మన ఇండ్లలో దేనికి లోటున్నా తవుడుకు లోటు లేదు. పొద్దున ఒక తట్ట, సాయంత్రము ఒక తట్ట, తవుడు బెల్లము కలిపి పెట్టినాము. వరిగడ్డి వేసినాము. ఒళ్లు చేసినది, మెరుపు వచ్చినది. నెలకొకసారి పశువుల పాక రాటకు ఆనించి నిలబెట్టి, మూపు దగ్గర గీత గీసి తేదీ వేసేవాళ్లము. గీతలు దగ్గర దగ్గరగా పడుతూ వచ్చినవి. అప్పుడు తవుడు పెంచినాము. ఏడాదిన్నర వయసుకే, ఎత్తు చాలినది గదా అని పిల్లలు ఎక్కి తిరుగుతుంటే చూచి ఊరుకున్నాము.

ఇరువదో నెలలో కుంటినది. ఒకనాడు ముందుకాలు, మరునాడు వెనుకకాలు. ముల్లేమో అని గిట్టలు గీసి చూచినాము. తరువాత మేత నమలడము తగ్గినది. కండ్లకు దిగువ రెండు పక్కలా ముఖపుటెముక ఉబ్బినట్లు కనిపించినది. పశువైద్యుడు వచ్చి ముఖము నొక్కి చూచి, మొదట అడిగినది కాలు సంగతి కాదు: "ఏమి పెడుతున్నారు?" అని. తవుడన్నాము. ఎంత అన్నాడు. చెప్పలేకపోయినాము, చేతులతో చూపినాము.

ఎముకకు సున్నము, భాస్వరము రెండూ కావాలి. గుర్రము మేతలో సున్నము ఎక్కువగా, భాస్వరము దానికన్న తక్కువగా ఉండాలి. తవుడులో సున్నముకన్న భాస్వరము పది రెట్లకు మించి ఉంటుంది. పైగా అందులోని పదార్థము ఒకటి ఉన్న కాస్త సున్నమునూ ఒంటికి పట్టనీయదు. రక్తములో సున్నము తగ్గేసరికి శరీరము తన ఎముకలనే కరిగించి ఆ లోటు తీర్చుకుంటుంది. కరిగిన చోట నారవంటి కండ నిండి ముఖము ఉబ్బుతుంది. పాశ్చాత్య దేశాలలో పిండిమరల వారి గుర్రాలకు, చౌకగా దొరికే తవుడు మేపడము చేత, ఈ జబ్బు వచ్చేదట. అందుకని తవుడు రోగమని, పెద్దతల రోగమని పేర్లు పడినవి. పశువు దీనికి తట్టుకోగలదు, గుర్రము తట్టుకోలేదు. మేము ఎద్దును మేపినట్లు మేపినాము. ఇందాక చెప్పిన మార్కోపోలో మాట ఇక్కడ తలచుకోండి. అన్నము తిన్న గుర్రాలు, వంకర కాళ్ల పిల్లలు. గాలి నీరు సరిపడవని పాతవారు అనుకున్నారు. మా పాకలో చూచిన తరువాత, మేతను కూడా ముద్దాయిగా నిలబెట్టాలని మాకు తోచుచున్నది.

తవుడు ఆ పూటే ఆపినాము. వైద్యుడు చెప్పిన సున్నపు పొడి, లూసర్ను గడ్డి, ఎండిన వేరుశనగ తీగ, కొద్దిగా ఉలవలు. రాయచూరులో వేరుశనగ తీగకు కరువా! మన పొలములో కాకపోతే పక్క మెట్టపొలములో ఉన్నది. కన్నడ సోదరులు డబ్బు కూడా పుచ్చుకోకుండా బండెడు తోలించినారు. కుంటు పోవడానికి ఏడు నెలలు పట్టినది. ముఖము మీది ఉబ్బు ఇప్పటికీ కొంచెము ఉన్నది. ఎత్తు మాత్రము రాట మీది గీతలు చెప్పిన దారినే పోయినది. తవుడు మేపిన నెలలలో వెంట్రుకవాసి కూడా ఎక్కువ పెరగలేదు. తిండి తక్కువైతే పిల్ల కుంగుతుంది. చాలినంత పెట్టిన తరువాత ఎంత ఎక్కువ పెట్టినా, దానికి రాసి పెట్టిన ఎత్తు దాటించలేము, కీళ్లు చెడగొట్టగలము.

అది కోలుకున్న తరువాత మా నలుగురిలో తగాదా వచ్చినది. అమ్మివేద్దామని ఇద్దరు, ఉంచుదామని ఇద్దరు. అప్పటికి మూడో ఏడు నడుస్తున్నది. పక్క తాలూకా నుండి పెళ్లి బ్యాండు వారొకరు బేరానికి వచ్చినారు. అమ్మేవాని దారము మా దగ్గర ఇంకా ఉన్నది, గూట్లో పెట్టినాము. మాలో ఒకరు దాన్ని తీసి జేబులో వేసుకున్నారు. "దారముతో కొన్నాము, దారముతోనే అమ్ముదాము. ఇంకా రెండేండ్లు పెరుగుతుందందాము. పదునాలుగున్నరని చెబితే వాడికేమి తెలుస్తుంది?" అన్నారు. నిజము చెప్పవలెనంటే, తక్కిన ముగ్గురమూ వద్దని వెంటనే అనలేదు. లెక్క చూచుకున్నాము. సొమ్ము తిరిగి వస్తుంది. ఆ వచ్చిన మనిషి మావంటివాడే, అప్పు చేసి కొనబోతున్నాడని ముఖము చూస్తేనే తెలుస్తున్నది. అతడు పిల్ల చుట్టూ తిరిగి, మెడ నిమిరి, "ఇంకా ఎంత పెరుగుతుందండీ?" అని అడిగినాడు. ఎవరము పలకలేదు. రాట దగ్గర ఆడుకుంటున్న మా మాష్టారి మనుమరాలు, ఏడేండ్ల పిల్ల, "ఇంక పెరగదు, గీతలు ఆగిపోయినయి, చూడు" అని రాట చూపినది. ఆయన వంగి తేదీలు ఒక్కొక్కటే చదువుకున్నాడు. బేరము పోయినది. దారము ఆ సాయంత్రమే పొయ్యిలో వేసినాము. ఎవరు వేసినారో ఎవరూ చెప్పుకోలేదు.

ఇప్పుడు దానికి అయిదేండ్లు నిండినవి. నోరు నిండినది. నిన్న సాయంత్రము పాక అలికి, నేల చదును చేసి, సాయిబుగారి సమక్షములో మూడుసార్లు కొలిచినాము. యాభై మూడున్నర అంగుళాలు. పదమూడు హ్యాండ్ల మీద అంగుళమున్నర. ఆయన దారము చెప్పినదానికి అర అంగుళము తక్కువ. ఆ అర అంగుళము తవుడు తిన్నదని ఆయన అభిప్రాయము. కొలిచిననాడు దారము అంత తేడా చేసి ఉండవచ్చునని మా మాష్టారి వాదము. ఇంకా తేలలేదు.

శ్రీరామనవమి నాడు అది ఊరేగింపు ముందు నడుస్తుంది, ఎవరినీ ఎక్కించము. సభ అయిన తరువాత చూడదలచినవారు మా పాకకు రావచ్చు, రాట మీద గీతలు కూడా చెరపకుండా ఉంచినాము. పిల్లలను వెనుక తట్టున మాత్రము నిలబడనీయకండి. చేతిలో బెల్లము ఉంటే దాచుకొని రండి. అడగకుండానే జేబు వెదుకుతుంది.